కందుకము వెంట వచ్చిన గురువు

ఆదిపర్వము చదివిన వారికి కురుకుమారుల బంతియాట జ్ఞాపకముండును. ఆడుచుండగా బంతి బావిలో పడెను. రాజకుమారులందఱును చుట్టుజేరి లోనికి తొంగిచూచిరే గాని దానిని వెలికిదీయుట యొక్కనికిని చేతగాలేదు. ఆ దారిని వచ్చిన ద్రోణుడు దానిని పైకిదీసి, ఆ పిల్లలకు గురువయ్యెను. ఆట మూలమున గురువు లభించిన కథ పురాణమునకే చెల్లదు. హైదరాబాదు నగర చరిత్రమునందును అట్టిది యొకటి కలదు.

దిల్‌సుఖ్‌నగరు నుండి పడమరగా మూసారాంబాగు, మలక్‌పేటలు దాటి మూసీ వంతెన నెక్కినచో ఆవలి యొడ్డున చాదర్‌ఘాటు వచ్చును. అచ్చటి ఉన్నత పాఠశాలలోను, దానికి చేరువనున్న కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను పాఠములు చెప్పిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909వ సంవత్సరమున హైదరాబాదులో జన్మించెను. పిదప భారతదేశపు ఫుట్‌బాలు జట్టునకు శిక్షకుడై ప్రసిద్ధిచెందిన రహీం సాహెబు ఈయనయే.

ఆయన విద్యార్థిదశ ఉస్మానియా విశ్వవిద్యాలయపు తొలినాళ్లలోనిది. 1918లో వెలసిన ఆ విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. నేడు మనము చూచు ఆర్ట్సు కళాశాల భవనము 1939లో గాని తెఱవబడలేదు. అంతకు ముందు తరగతులు నగరములోని భవనములలో జరుగుచుండెను. గొప్ప సౌధము లేకున్నను ఆటకు లోటులేదు. రహీము విశ్వవిద్యాలయపు జట్టున ఆడెను. మూసీకి దక్షిణపుటొడ్డున, ఉన్నతన్యాయస్థానము ప్రక్కన, 1921లో పూర్తియైన భవనమునందు సిటీ పాఠశాల యుండెను. 1929లో అది కళాశాల యయ్యెను. అందలి విద్యార్థులును పూర్వవిద్యార్థులును ఎక్కువగా జేరి కూర్చుకొన్న జట్టునకు ‘లెవెన్ హంటర్స్’ అని పేరు. పదునొకండుగురు వేటకాండ్రన్నమాట! రహీము ఆ జట్టునను ఆడెను.

ఇచ్చట నొక్కమాట చెప్పక తప్పదు. కప్పులు గెలిచిన సంవత్సరములన్నియు లెక్కకెక్కినవి. బడి విడిచిన పిమ్మట కుఱ్ఱవాండ్రు చెమటోడ్చిన సాయంకాలములు ఏ పద్దునను చేరలేదు. హైదరాబాదు ఫుట్‌బాలనగానే పోలీసు జట్టును దలచుట వాడుక. ఆ కీర్తి వారికి న్యాయముగా దక్కినదే. అయినను దాని మొదలు వెదకవలసినది బడి మైదానములలోనే.

దేశమున ఆ కాలపు కుఱ్ఱవాండ్రకు ఉత్సాహము నిచ్చిన ఘట్టము వేఱొకటి కలదు. 1911 జులై 29న కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్టు యార్కుషైరు రెజిమెంటును 2–1 గోలులతో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలుచుకొనెను. ఆ పదునొకండుగురిలో పదుగురు వట్టికాళ్లతో ఆడినవారు. నాటినుండి వట్టికాలి యాట మనకొక గర్వకారణమయ్యెను. ఆ గర్వమే తరువాత ఎట్టి చిక్కు తెచ్చిపెట్టినదో ముందు తెలియును.

రహీము 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయ్యెను. ఆయన బోధనాపద్ధతి చూడుడు. బంతిని తనయొద్దనే త్రిప్పుకొనుచు పరుగెత్తుట నిషేధించిన పోటీలు పెట్టెను. బంతి వచ్చినదే తడవుగా తోడివానికందింపవలెను. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టెను. అర్జునుడు రెండుచేతులను సమముగా నుపయోగించి సవ్యసాచి యనిపించుకొనలేదా? కాళ్లకును అట్టి సామర్థ్యమే రావలెనని రహీము తలంపు. అయిదడుగులకు మించని పొట్టివారికి ప్రత్యేకముగా పోటీలు నడిపెను. బక్కవాడు, పొట్టివాడు అని యెవ్వనిని ప్రక్కకు నెట్టలేదు. ఇది బడిపంతులు బుద్ధియే గాని సేనాపతి బుద్ధి గాదు. మఱియొక విశేషము: ఈ యాటలకు కొద్దిపాటి బయలు చాలును. సర్వేనంబరులు గల పొలములు ఇండ్లస్థలములై పోయిన దిల్‌సుఖ్‌నగరు, కొత్తపేట, ఎల్బీనగరులలోని పిల్లలకు ఇది తెలియదగిన సంగతి.

1950 నుండి ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడు. ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదుమాఱులు గెలిచెను. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగానును ఓడించి డ్యూరాండు కప్పును సాధించెను. 1951లో ఢిల్లీ ఏషియను క్రీడలలో భారతజట్టు ఆయన శిక్షణలో బంగారు పతకము పొందెను.

మఱుసటియేడు హెల్సింకి ఒలింపిక్కులలో తలవంపులయ్యెను. చలినేలపై మనవారిలో పెక్కుమంది వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడిపోయిరి. పిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. నాలుగేండ్లలో లెక్క మాఱినది. 1956 మెల్‌బోర్నులో మనవారు ఆస్ట్రేలియాను 4–2 తో గెలిచి, సెమీఫైనలు చేరిన తొలి ఏషియా జట్టై, నాలుగవ స్థానమున నిలిచిరి. ఆ జట్టులో హైదరాబాదు మైదానములలో ఆరితేరినవారు పలువురుండిరి. సికింద్రాబాదు చెంత అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం వారిలో నొకడు.

1962 నాటికి రహీమును కేన్సరు పీడించుచుండెను. అయినను జకార్తా వెళ్లెను. మొదటి పోటీలో దక్షిణకొరియా మనవారిని 2–0 గా ఓడించెను. సెప్టెంబరు 4న అంతిమపోటీలో మరల ఆ జట్టే యెదురయ్యెను. ఈమాఱు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగులు చెఱియొక గోలు వేయగా భారతము 2–1 తో గెలిచెను. పురుషుల ఫుట్‌బాలులో ఏషియను క్రీడల బంగారు పతకము మరల మనకు రాలేదు.

1963 జూన్ 11న రహీము మరణించెను. అప్పటికాయన వయస్సు 53 సంవత్సరములు. ఇరువది యేండ్ల క్రిందట చేపట్టిన ఫుట్‌బాలు సంఘపు కార్యదర్శి పదవిలోనే చివఱివఱకును ఉండెను.