సూరతు బాటలో కోనసముద్రపు ఉక్కు

పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే సూరతునుండి గోలకొండకు పలుమారులు ప్రయాణించెను. 1676లో వెలువడిన అతని యాత్రాగ్రంథమున ఆ బాట మజిలీలతో సహా వర్ణితము. వజ్రములకై వచ్చిన ఈతని దృష్టి ఉక్కుపైనను పడుట మన భాగ్యము. గోలకొండ సీమనుండి పారసీకమునకు పోవు ఉక్కుననే కత్తిపై నీటియలల వంటి చాఱలు తేలుననియు, చిన్న రొట్టెయంతటి ముద్దను రెండుగా కోసినచో రెండు ఖడ్గములగుననియు అతడు వ్రాసెను. కోహినూరును గూర్చి పుటలు నింపిన మన చరిత్రలు ఈ ఉక్కునకు ఒక పేరా నిచ్చుటయు అరుదే.

గుజరాతు రేవులనుండియే పటోలా పట్టువస్త్రములు తూర్పుదీవులకు పోయెడివి. జావా ఆస్థానములలో వానిని ధరించుట ప్రభుచిహ్నము. ఆ ప్రభువులు నడుమునకు వెనుకగా దోపుకొనెడి బాకు క్రిస్. దాని అలుగు కొన్నిట తిన్ననిది, కొన్నిట పామువలె వంకరలు తిరిగినది. ఆ వంకరల సంఖ్య ఎప్పుడును బేసియే. దానిపైనను చాఱలు కలవు. కాని అవి పుట్టిన తీరు వేఱు. జావా కమ్మరి ఇనుమును, నికెలు కలిసిన ఇనుమును పొరలుగా పేర్చి, కాల్చి, సమ్మెటతో అతికి, మడిచి మరల కొట్టును. పిదప నిమ్మరసముతోడను పాషాణముతోడను తోమగా పొరలు వెలికివచ్చును. ప్రంబానన్ చెంత దొరకిన ఉల్కాలోహమును సురకర్త రాజులు ఇందులకు వాడించిరి. తెలుగు కమ్మరి చాఱలు సమ్మెటకు ముందే మూసలో పుట్టినవి. కరగిన ఉక్కు మెల్లగా చల్లారునపుడు వానికి బీజము పడును.

జావాలో కమ్మరికి 'ఎంపు' అను గౌరవనామము కలదు. పదునైదవ శతాబ్దపు సుకుః ఆలయశిల్పమున మన భీముడే కమ్మరియై అలుగు సాగదీయుచుండ, అర్జునుడు కొలిమికి గాలి కొట్టుచున్నాడు, నడుమ గణపతి. తాను చేసిన బాకుతోనే పొడువబడిన ఎంపు గంద్రింగు పేరు నేటికిని కథలలో నిలిచినది.

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమును చూచి వ్రాసిన భూగర్భశాస్త్రజ్ఞుడు వాయ్సీ 1824లో మరణించెను. అతని వ్యాసము 1832లో అచ్చయినది. రెండు తావుల ఇనుము కలిపి, మట్టిమూసలలో మూసి కరగించెడి పని అందు సవిస్తరము. ఉక్కు కొనుటకు ఇస్ఫహానునుండి వచ్చిన హాజీ హుసేను పేరును కలదు. కరగించినవారి పేరు ఒక్కటియు మనకు దక్కలేదు. పిమ్మట ఓడలపై దిగిన చౌక ఉక్కు ముందు ఆ కొలుములు ఒక్కొక్కటే చల్లారినవి.

క్రిస్‌ను యునెస్కో 2005లో మానవజాతి వారసత్వముగా ప్రకటించెను. మూస ఉక్కు చాఱల గుట్టు విప్పుటకు అమెరికాలో ఆచార్య వెర్‌హోవెనును, గుఱ్ఱములకు నాడాలు కొట్టుచు కత్తులు చేసెడి పెండ్రేయును ఏండ్లు శ్రమించిరి. ఇనుమునందలి వెనేడియము వంటి స్వల్ప మాలిన్యములే ఆ చాఱలకు మూలమని 1998లో తెల్పిరి. 2010లో బెంగళూరు, ఎక్సెటరు పండితులు ఉత్తర తెలంగాణ పల్లెలలో తిరిగి చిట్టెపుదిబ్బలను, పగిలిన మూసపెంకులను లెక్కవేసికొనిపోయిరి.