లంక మట్టి, టామా మట్టి: నేలకు పేరు పెట్టిందెవరు?



కోనసీమ అనగానే అందరూ కొబ్బరి చెట్లు, గోదారి, పూతరేకులు అంటారు. ఈసారి మనం కాళ్ళ కింద ఉన్న మట్టి గురించి మాట్లాడుకుందాం. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో చదువుకుంటున్న మనలో కొందరం ఏజెన్సీ కొండల నుంచి దిగి వచ్చినవాళ్ళం. ఇంకొందరం ఇక్కడే కాలవ గట్ల మీద పుట్టి పెరిగిన యానాదులం, ఎరుకలం. ఎక్కడివాళ్ళమైనా మన తాతల కథ చివరికి భూమి దగ్గరికే వస్తుంది. కానీ భూమి గురించి మాట్లాడేటప్పుడు మనం ఎకరాలు, పట్టాలు, కేసులు అంటాం తప్ప మట్టి గురించి మాట్లాడం. మట్టికి పేరు పెట్టి, తరగతి కట్టిన చరిత్ర తెలిస్తే పట్టాల చరిత్ర కూడా బాగా అర్థమవుతుంది.

ముందు మన కళ్ళెదుట ఉన్న నేల చూద్దాం. ధవళేశ్వరం దిగాక గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య మిగిలిన నేలే కోనసీమ. మొత్తం నది తెచ్చి పోసిన మట్టే, అయినా అంతా ఒకటి కాదు. వరద గట్టు దాటగానే ముందుగా బరువైన ఇసుక, గరుకు ఒండ్రు దిగిపోతాయి. అందుకే నది ఒడ్డు, లంకలు కాస్త మెరకగా, గుల్లగా ఉంటాయి. సన్నటి బంకమన్ను నీళ్ళతో పాటు ఇంకా లోపలికి పోయి పల్లంలో నెమ్మదిగా కూర్చుంటుంది. అక్కడ నీరు దిగదు, నిలుస్తుంది. సముద్రం దగ్గరికి పోతే ఇసుక దిబ్బలు, వాటి మధ్య ఉప్పు పట్టిన పర్ర భూములు. కాబట్టి కోనసీమలో నేల మంచిచెడ్డలు తేల్చే మొదటి ప్రశ్న ఒక్కటే: వాన పడితే నీరు ఎంతసేపట్లో దిగిపోతుంది?

దీన్ని ఎవరైనా కనిపెట్టొచ్చు. రెండడుగుల గొయ్యి తీసి చూడండి. మట్టి గోధుమ రంగులోనో ఎర్రగానో ఒకేలా ఉంటే గాలి ఆడుతోందని, నీరు దిగుతోందని అర్థం. మట్టిలోని ఇనుము గాలి తగిలి తుప్పు పట్టినందువల్ల వచ్చే రంగది. బూడిద రంగు తిరిగి, మధ్యమధ్య తుప్పు మచ్చలుంటే అక్కడ ఏడాదిలో చాలా రోజులు నీరు నిలిచి గాలి అందలేదని అర్థం. మన కొండల ఎర్రమట్టి మొదటి రకం. పల్లపు వరి చేల బంకమట్టి రెండో రకం. శాస్త్రవేత్తలు నేలను పరీక్షించేటప్పుడు రాసుకునే ముఖ్యమైన గుర్తుల్లో ఇదొకటి.

ఇప్పుడు కాస్త దూరం పోదాం. అమెరికా మధ్యలో అయోవా అనే రాష్ట్రం ఉంది. ఒకప్పుడు అదంతా మనిషి ఎత్తు గడ్డి పెరిగే మైదానం. ఆ గడ్డి నేలల్ని ప్రెయిరీ అంటారు. ఆ రాష్ట్రం తన గుర్తుగా చెప్పుకునే మట్టి పేరు 'టామా'. గాలి మోసుకొచ్చిన సన్నటి ధూళి మందంగా పేరుకుంది, దాని మీద వేల ఏళ్ళు గడ్డి పెరిగింది. గడ్డి బలమంతా వేళ్ళలో ఉంటుంది. ఏటా కొన్ని వేళ్ళు చచ్చి మట్టిలో కలుస్తాయి. అలా పైపొర నల్లగా, మెత్తగా, పిండితే ఉండ కట్టి నలిపితే రాలిపోయేలా తయారైంది. నీరు నిలవదు, కానీ తేమ నిలుస్తుంది. ప్రపంచంలో మొక్కజొన్నకు ఇంతకన్నా మంచి నేలలు కొన్నే ఉన్నాయి.

శాస్త్రంలో దీని పూర్తి పేరు 'టిపిక్ ఆర్జియుడాల్'. పేరు చూసి భయపడొద్దు, మన ఇంటిపేర్లలాగే విడదీసి చదవొచ్చు. చివరి 'ఆల్' అంటే మాలిసాల్ అనే వంశం, అంటే మందమైన నల్లటి సారవంతమైన పైపొర ఉన్న నేల. 'యుడ్' అంటే తేమ వాతావరణం. 'ఆర్జి' అంటే పైనుంచి దిగిన బంకమన్ను కింద పొరలో చేరిందని. 'టిపిక్' అంటే ఆ రకానికి అచ్చమైన నమూనా. మాలిసాల్ అనిపించుకోవాలంటే పైపొరలో సేంద్రియ కర్బనం కనీసం 0.6 శాతం ఉండాలి. సున్నం లాంటి పోషక లవణాలు మట్టి పట్టుకోగల శక్తిలో సగమైనా నిండి ఉండాలి. నేలను ఇలా పొరలు చూసి చదవాలని 1883లో రష్యా నల్లమట్టి మీద రాసిన పుస్తకంలో దొకుచాయెవ్ దారి చూపాడు. అమెరికా వాళ్ళు దాన్ని పెంచి, 1975లో ఈ పేర్ల పద్ధతిని పూర్తి గ్రంథంగా అచ్చువేశారు.

ఇందులో మనకి తెలియాల్సిన సంగతి ఇంకోటుంది. 'టామా' అన్నది ఒక ఆదివాసీ నాయకుడి పేరు నుంచి వచ్చింది. ఆయన తైమా, మెస్క్వాకీ తెగ పెద్ద. ఆయన పేరు మీద ఒక కౌంటీ వచ్చింది, ఆ పేరే మట్టికీ వచ్చింది. పేరు మిగిలింది, మనుషుల్ని మాత్రం ఉంచలేదు. 1842 ఒప్పందంతో మెస్క్వాకీలు అయోవా భూమి వదులుకోవాల్సి వచ్చింది, వాళ్ళను కాన్సాస్‌కి తరలించారు. కొందరు ఒప్పుకోలేదు, తిరిగి వచ్చారు. 1857లో అదే టామా కౌంటీలో 80 ఎకరాలు డబ్బు పెట్టి కొనుక్కున్నారు. తమ నేలను తామే కొనుక్కున్నారు! ఆ 80 ఎకరాలు పెరుగుతూ ఇవాళ 8,000 ఎకరాలు దాటాయి. మిగతా తెగలకి అంత అదృష్టం లేదు. 1887 నాటి డావెస్ చట్టం తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసింది. అప్పుడు 13.8 కోట్ల ఎకరాలున్న ఆదివాసీ భూమి 1934 నాటికి 4.8 కోట్ల ఎకరాలకు పడిపోయింది.

మళ్ళీ కోనసీమకి వద్దాం. టామా మట్టికి ఇక్కడ దగ్గరి చుట్టం లంక మట్టి. అది కూడా లోతైన నేలే, నీరు దిగే నేలే. సాగులోకి రాకముందు రెల్లుగడ్డి పెరిగిన నేలే. లంక పొగాకు, అరటి, కూరగాయలు బాగా రావడానికి కారణం ఇదే. తేడా వయసులో ఉంది. టామా వేల ఏళ్ళ గడ్డివేళ్ళతో పండిన నేల. లంక మట్టి వరద వరదకీ కొత్తగా పుట్టే పసి నేల, ఇంకా పొరలు కట్టలేదు. శాస్త్రం దీన్ని ఎంటిసాల్ వంశంలో చేరుస్తుంది. ఎండితే నోళ్ళు తెరిచే రేగడి వెర్టిసాల్. రేగడి నల్లగా ఉంటుంది కదా, ప్రెయిరీ మట్టిలాంటిదే అనుకోకండి. దాని నలుపు ఎక్కువగా బంకమన్ను, ఖనిజాల వల్ల వచ్చింది, కర్బనం తక్కువే.

ఆ లంక మట్టి ఎక్కడిది? శబరి, సీలేరు మన కొండల మీదుగానే గోదారిలో కలుస్తాయి. అంటే లంకలో పిడికెడు మట్టి తీస్తే అందులో మన కొండమట్టి కూడా ఉంది. పైన ఆనకట్టలు కట్టేకొద్దీ ఒండ్రు రాక తగ్గింది. లంకలు కోసుకుపోవడమే తప్ప పూడడం తగ్గింది.

మన దగ్గర నేలకు తరగతి కట్టింది మొదట శాస్త్రవేత్తలు కాదు, రెవెన్యూ వాళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీ సెటిల్‌మెంటులో నేలల్ని ఒండ్రు, రేగడ, ఎర్ర, ఇసర అని విడదీసి, ఒక్కోదాంట్లో బంక, గరప, ఇసుక అని చూసి, చివరికి 'తరం' వేశారు. తరం అంటే శిస్తు మెట్టు. నేల ఎంత ఇస్తుందన్నదే లెక్క, ఎవరు బతుకుతున్నారన్నది కాదు. శిస్తు రాని నేలకి బంజరు, పోరంబోకు అని పేరు. కొండల మీద పోడు నేలకి అలా పేరైనా దక్కలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో చాలాచోట్ల అది 'రిజర్వు' అయిపోయింది. కొండరెడ్లు, కోయలు ఏళ్ళ తరబడి బీడు వదిలి నేలకి సత్తువ తిరిగి తెచ్చే పద్ధతిని ఎవరూ నేల జ్ఞానంగా రాసుకోలేదు. 1879 రంప పితూరీ వెనుకా, 1922-24 మన్యం పోరాటం వెనుకా ఈ మంట ఉంది. 1917 చట్టం, 1959 భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని గట్టిచేసిన 1970 నాటి 1/70, 2006 అటవీ హక్కుల చట్టం, ఇవన్నీ ఆ రాతని సరిదిద్దడానికి జరిగిన ప్రయత్నాలు.

నీటిని పట్టించుకోని లెక్క డెల్టాని కూడా దెబ్బతీసింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గన్నవరం అక్విడక్టు మీదుగా రాజోలు వైపు కూడా సాగునీరు వెళ్ళింది. కోనసీమ అన్నపూర్ణ అయ్యింది, అది నిజం. కానీ నీరు తేవడం మీద పెట్టినంత శ్రద్ధ నీరు పోగొట్టడం మీద పెట్టలేదు. మురుగు కాలవలు పూడిపోతే పల్లపు నేల ముందే చెప్పిన బూడిద రంగు మట్టిగా మారుతుంది. 2011లోనూ 2022లోనూ కోనసీమ రైతులు పంట విరామం అన్నారు. గిట్టుబాటు ధరతో పాటు మురుగు ముంపు కూడా అందుకు కారణం. శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు నీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు మోడువారిపోయాయి. ఆ పక్కనే కూలికి పోయేది ఎక్కువగా భూమి లేనివాళ్ళు. చెట్టు పోతే రైతుకి నష్టం, కూలివాడికి పని పోతుంది.

అందుకే ఈ చదువు మనకి కావాలి. బీఎస్సీ అగ్రికల్చర్, జియాలజీ, జాగ్రఫీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నేల సర్వేని ఎవరికో వదిలేయొద్దు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళు నేలల్ని ఏ పేర్లతో పిలుస్తారో కోయలో, కొండరెడ్ల మాటల్లో, యానాదుల మాటల్లో అడిగి రాసుకోండి. రంగు, లోతు, వాన తర్వాత నీరు ఎన్ని గంటలుంటుందో పక్కనే రాయండి. ఆ పేర్లలో ప్రతిదాని వెనుకా నూరేళ్ళ పరిశీలన ఉంటుంది. రేపు హక్కుల దరఖాస్తు పెట్టేటప్పుడు, ముంపు పరిహారం లెక్క కట్టేటప్పుడు, మీ నేల పనికిరానిదని ఎవరైనా అంటే చూపించడానికి మన చేతిలో మన రాత ఉండాలి.

తైమా పేరు మట్టికి మిగిలింది. మన మట్టితో పాటు మనం కూడా మిగలాలి. జోహార్.