గోదాము గడప దాటని పాట

అది 1957. అమెరికాలోని మెంఫిస్ నగరం, 706 యూనియన్ అవెన్యూ. అక్కడున్న సన్ రికార్డ్స్ స్టూడియోలోకి ఓ కుర్రాడు పీకలదాకా తాగి వచ్చి, అందిన సామాను అందినట్టు పాడుచేయడం మొదలెట్టాడు. యజమాని శామ్ ఫిలిప్స్ వచ్చి గంటల తరబడి బుజ్జగించాడు. కాబోయే స్టార్ అతనేనని నమ్మించి పంపాడు. ఆ కుర్రాడి పేరు బిల్లీ లీ రైలీ. ఈ కథను తర్వాత లోకానికి చెప్పిందీ అతనే.

రైలీ 1933లో ఆర్కన్సా రాష్ట్రంలోని పోకహాంటస్‌లో పుట్టాడు. ఒకరి పొలాన్ని పాలికి సాగుచేసుకునే కుటుంబం. చేలల్లో పక్కనే పనిచేసే నల్లజాతి కూలీల దగ్గర బ్లూస్ వంటబట్టించుకున్నాడు. దానికి తెల్లవాళ్ల కంట్రీ సంగీతం తోడై పుట్టిన ‘రాకబిల్లీ’ అప్పుడే ఊపందుకుంటోంది. ఎల్విస్ ప్రెస్లీని వెలికితీసిన సన్ కంపెనీలోనే రైలీకీ చోటు దొరికింది.

1957 మొదట్లో వచ్చిన ‘ఫ్లయింగ్ సాసర్స్ రాక్ అండ్ రోల్’ ఒక్కసారి వింటే చాలు, అతని సత్తా తెలుస్తుంది. రోలండ్ జేన్స్ గిటార్ తీగలు ఎగిరే పళ్లెం దిగుతున్నట్టు వణుకుతూ మొదలవుతాయి. ఆపై గొంతు చీల్చుకునే కేక. పియానో వాయించింది అప్పటికింకా కొత్తవాడైన జెర్రీ లీ లూయిస్. ఆ పాటతోనే రైలీ బృందానికి ‘లిటిల్ గ్రీన్ మెన్’ అన్న పేరు వచ్చింది. జేన్స్, డ్రమ్మర్ జె.ఎం. వాన్ ఈటన్ సన్ స్టూడియోకి ఆస్థాన వాద్యకారులైపోయారు. లూయిస్‌ను స్టార్‌ను చేసిన ‘హోల్ లాటా షేకిన్ గోయిన్ ఆన్’లో వాయించింది కూడా వాళ్లిద్దరే.

అదే ఏడాది రైలీ ‘రెడ్ హాట్’ విడుదల చేశాడు. బిల్లీ ఎమర్సన్ 1955లో పాడిన పాట అది. రైలీ ఒక మాట అంటే, బృందమంతా ఎకసెక్కెంగా ఎదురు కేక వేస్తుంది. ఆర్డర్లు రావడం మొదలైంది. సరిగ్గా అప్పుడే లూయిస్ ‘గ్రేట్ బాల్స్ ఆఫ్ ఫైర్’ సిద్ధమైంది. ‘రెడ్ హాట్’ పక్కన పెట్టి లూయిస్ రికార్డే పంపమని ఫిలిప్స్ పురమాయించాడని రైలీ చెప్పేవాడు. స్టూడియో మీద అతని కోపానికి కారణం ఇదే. లూయిస్ పాట జాతీయ చార్టులో 2వ స్థానానికి ఎక్కింది. రైలీ పాట ఆ చార్టులోకే రాలేదు.

ఫిలిప్స్‌ను దుర్మార్గుడనడం తేలిక. కానీ చిన్న కంపెనీ లెక్క వేరు. రికార్డులు అచ్చువేసే ప్లాంటుకు ముందే డబ్బు కట్టాలి. పంపిణీదారుల నుంచి సొమ్ము మాత్రం ఎప్పటికో వస్తుంది. 1955లో ఎల్విస్ కాంట్రాక్టును పెద్ద రికార్డు కంపెనీ ఆర్‌సీఏకు 35,000 డాలర్లకు అమ్ముకున్నది ఆ ఇరుకులోనే. ఇద్దరిని ఎత్తే బలం లేనివాడు ఒక్కడి మీదే పందెం కాశాడు. థియేటర్లు దొరకని మంచి సినిమా గతి ఏమిటో మనకు తెలియంది కాదు.

ప్రతిభ అక్కడితో ఆగలేదు, పేరు మాత్రమే ఆగింది. రైలీ, జేన్స్‌తో కలిసి సొంతంగా రీటా రికార్డ్స్ పెట్టాడు. అందులోంచి హెరాల్డ్ డోర్మన్ ‘మౌంటెన్ ఆఫ్ లవ్’ 1960లో హిట్టయింది. తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్లి ఇతరుల రికార్డులకు హార్మోనికా వాయించాడు. 1970ల్లో పాట వదిలేసి, సొంత రాష్ట్రంలో ఇళ్ల నిర్మాణం పని చేసుకున్నాడు. 1977లో రాబర్ట్ గోర్డన్ ‘రెడ్ హాట్’ మళ్లీ పాడాక జనం రైలీ గొంతును వెతుక్కుంటూ వచ్చారు. 1992లో లిటిల్ రాక్ కచేరీలో బాబ్ డిలాన్ అతణ్ని వేదిక మీదికి పిలిచి పాడించాడు. 1990ల్లో చేసిన ‘హాట్ డ్యామ్!’ ఆల్బమ్ గ్రామీ నామినేషన్ తెచ్చింది.

2009 ఆగస్టు 2న రైలీ క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆఖరి రోజుల్లో వైద్యం ఖర్చులకు ఆదుకున్నది మ్యూజికేర్స్ సంస్థ. 2015లో ఆ సంస్థ సన్మాన సభలో డిలాన్ చాలాసేపు రైలీ గురించి మాట్లాడాడు. ఇరవై, ముప్ఫై హిట్లున్న వాళ్లకంటే ఒక్క పాటవాడి ప్రభావమే ఒక్కోసారి ఎక్కువ ఉంటుందన్నది ఆయన మాటల సారం.

‘రెడ్ హాట్’, ‘గ్రేట్ బాల్స్ ఆఫ్ ఫైర్’ రెండూ ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. ఏది ఎన్ని అమ్ముడైందో మరిచిపోయి, ఒకదాని వెంట ఒకటి వినండి. అప్పట్లో ఫిలిప్స్ చెప్పిన తీర్పు సరైనదో కాదో మీ చెవులే చెబుతాయి.