చెత్తమూటలో వైరస్

పోయిన వేసవిలో ఐయోవా మీదుగా కారులో వెళ్తుంటే దారి పొడవునా మొక్కజొన్న చేలు, వాటి మధ్య పొడుగాటి షెడ్లు. అమెరికాలో పందుల పెంపకానికి మొదటి పేరు ఐయోవాదే. ఒక గేటు దగ్గర, జబ్బులు వస్తాయి, బయటివాళ్ళు లోపలికి రావద్దు అని బోర్డు కనిపించింది. వాళ్ళ భయం పందుల వల్ల మనకి వచ్చే జబ్బు గురించి కాదు, మన బూట్లకి అంటుకుని పందుల దగ్గరికి వచ్చే జబ్బు గురించి. ఇంటికొచ్చి ఆ బోర్డు సంగతేమిటో చదవడం మొదలుపెడితే, ఒకదానికొకటి సంబంధం లేని రెండు చరిత్రలు ఎదురయ్యాయి.

మొదటిది 1987 ప్రాంతంలో మొదలైంది. అమెరికా పందుల శాలల్లో చూడి పందులు నెలలు నిండబోతుండగా ఈసుకుపోయేవి. పుట్టిన పిల్లల్లో కొన్ని చచ్చి పుట్టేవి, మిగిలినవి ఊపిరాడక పోయేవి. కారణం తెలియక దాన్ని 'అంతుచిక్కని పందిజబ్బు' అన్నారు. 1990లో జర్మనీలో కనబడింది. కొన్నిటికి చెవులు నీలంగా మారడంతో ఇంగ్లండులో 'నీలిచెవి జబ్బు' అన్నారు. 1991లో నెదర్లాండ్స్‌లోని లెలిస్టాడ్ పరిశోధకులు వైరస్‌ని పట్టుకున్నారు. దాన్ని చూడి పందులకి ఎక్కించి, అదే జబ్బు రావడం చూసి రుజువు చేశారు. లెలిస్టాడ్ సముద్రాన్ని వెనక్కి నెట్టి తీసిన నేల మీద కట్టిన ఊరు. ఆ పని తలపెట్టిన ఇంజనీరు లెలీ పేరే ఊరికి పెట్టారు, ఊరి పేరు వైరస్‌కి పెట్టారు. పాపం, ఆయన ఊహించి ఉండడు! ఇప్పుడు ఆ జబ్బుని పి.ఆర్.ఆర్.ఎస్. అంటున్నారు.

1994లో అమెరికాలో టీకా వచ్చింది. జబ్బు మాత్రం పోలేదు. 2013లో వేసిన లెక్క ప్రకారం అమెరికా రైతులకి ఏడాదికి 66 కోట్ల డాలర్ల పైచిలుకు నష్టం. అదే ఏడు మన మిజోరంలోనూ బయటపడింది. అక్కడ ఇంటి వెనక నాలుగు పందులు పెంచుకునేవాళ్ళకి అవే బ్యాంకు, అవే ఆస్తి. టీకాకి లొంగకపోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. ఈ వైరస్ ఇట్టే రూపం మారుస్తుంది. పైగా అది కాపురం పెట్టేది ఊపిరితిత్తుల్లో క్రిములని మింగే కణాల్లోనే. దొంగ పోలీసు స్టేషన్లోనే మకాం పెట్టినట్టు.

రెండో చరిత్రకి పందులతో పనిలేదు, గొర్రెలతో పని. 1980లలో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోజ్ జాన్‌స్టోన్ గొర్రెల ఎర్రకణాలు ముదిరేటప్పుడు ఏమవుతుందో చూస్తున్నారు. కణం తనకిక అక్కర్లేని భాగాలని చిన్న చిన్న తిత్తుల్లో కట్టి బయటికి నెట్టేస్తోంది. 1983లో ఆమె బృందం, సెయింట్ లూయిస్‌లో మరో బృందం విడివిడిగా ఈ సంగతి ప్రచురించాయి. 1987లో ఆ తిత్తులకి ఎక్సోజోములు అని ఆమే పేరు పెట్టారు. అవును, పందిజబ్బు మొదలైన ఏడే. చాలాకాలం అందరూ వీటిని కణం పారేసిన చెత్తమూటలనే అనుకున్నారు. 2007లో స్వీడన్ పరిశోధకులు వాటిలో ఆర్.ఎన్.ఏ. ఉందనీ, అది వేరే కణంలోకి చేరి పనిచేస్తుందనీ చూపించాక ఆ చిన్నచూపు పోయింది.

అంతకు నాలుగేళ్ళ ముందే, 2003లో, హెచ్.ఐ.వి. కూడా ఈ దారినే వాడుకుంటోందేమోనని అమెరికాలో కొందరు ప్రతిపాదించి, ట్రోజన్ గుర్రంతో పోల్చారు. మనకైతే మాయలేడి గుర్తొస్తుంది గానీ లేడి కడుపులో ఎవరూ దాక్కోలేదు. ఇక్కడ గుర్రమే సరైన పోలిక.

రెండు కథలూ 2018లో చైనాలో కలిశాయి. పి.ఆర్.ఆర్.ఎస్. సోకిన కణాలు వదిలిన ఎక్సోజోముల్లో వైరస్ ఆర్.ఎన్.ఏ., కొన్ని ప్రోటీన్లు కనిపించాయి. ఆ తిత్తులు ఆరోగ్యంగా ఉన్న కణాలకి జబ్బు అంటించాయి. మామూలుగా ఈ వైరస్‌కి లొంగని కణాలకి కూడా! యాంటీబాడీలు వైరస్ పైతొడుగుని బట్టి దాన్ని పోల్చుకుంటాయి. తిత్తికి ఉన్నదేమో పంది కణం సొంత పొర. అందుకే యాంటీబాడీలు దాన్ని పూర్తిగా అడ్డుకోలేకపోయాయి. అయితే ఇది ప్రయోగశాలలో పెంచిన కణాల్లో చూసిన సంగతి. పందినుంచి పందికి జబ్బు అంటేది చీమిడి, లాలాజలం, వీర్యం లాంటివాటి వల్లనే, గేటు దగ్గర బోర్డు అందుకే.

స్పెయిన్ పరిశోధకులు 2016లోనే ఇంకో వైపునుంచి చూశారు. జబ్బుపడి కోలుకున్న పందుల రక్తంలోని ఎక్సోజోముల్లో వైరస్ ప్రోటీన్లు ఇంకా ఉన్నాయి, వైరస్ మాత్రం రక్తంలో లేదు. వాటినే టీకాగా ఎక్కించి చూడటం మొదలుపెట్టారు.