అల్గారిదమ్‌: ఒక సీమ పేరు శాస్త్రపదమైన చరిత్ర

కంప్యూటరు చేయవలసిన పనిని మెట్టుమెట్టుగా, సందేహమునకు తావులేకుండ నిర్దేశించు విధానమును నేడు లోకమంతయు అల్గారిదమ్‌ అని వ్యవహరించుచున్నది. ఆంగ్లమునుండి మనకు వచ్చిన యీ పదము ఆంగ్లేయుల సొంతము గాదు. ఆరల్‌ సముద్రమునకు దక్షిణమున నున్న ఖ్వారిజ్మ్‌ సీమ పేరు, ఆ సీమపేర ప్రసిద్ధుడైన యొక గణితవేత్తకు సంక్రమించి, వేయేండ్లకు పైగా దేశదేశముల నోళ్ల నలిగి తాల్చిన రూపమిది.

తొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున, ఖలీఫా అల్‌ మామూన్‌ పాలించిన బాగ్దాదు నగరమున, ముహమ్మద్‌ ఇబ్న్‌ మూసా అల్‌ ఖ్వారిజ్మీ భారతీయుల దశాంశగణన పద్ధతిని వివరించుచు నొక గ్రంథము రచించెను. దాని అరబ్బీ మూలము నశించినను, 12వ శతాబ్దినాటి లాటిను రూపము నిలిచినది. అందు గ్రంథకర్త పేరు అల్గోరిజ్మి యయ్యెను. క్రమముగా నా పేరు మనుష్యుని విడిచి విద్య నాశ్రయింపగా, అంకెలతో లెక్కించు పద్ధతియే ఆల్గోరిజమ్‌ అనిపించుకొనెను. పిమ్మట, సంఖ్యావాచకమైన అరిథ్మోస్‌ అను గ్రీకుపదము ప్రభావముచే తుదియక్షరములు మారి నేటి రూపము సిద్ధించెను.

ఆ యంకెల వెంట శూన్యమును ప్రయాణించెను. అరబ్బులు దానిని తమ భాషలో సిఫ్ర్‌ అనిరి. 1202లో పీసా నగరవాసి ఫిబొనాచ్చి లాటినున జెఫిరుమ్‌ అని వ్రాసెను. అదియే ఇటలీ, ఫ్రాన్సు దేశముల మీదుగా ఆంగ్లమున జీరో యయ్యెను. ఆ సిఫ్ర్‌ పదమే మఱియొక త్రోవను వచ్చి సైఫరై, తొలుత సున్నకును, తరువాత గూఢలిపికిని పేరుగా నిలిచెను. శూన్యశబ్దభవమైన మన సున్నకు ఇవి అర్థముచే జ్ఞాతులే.

1958లో ఐరోపా, అమెరికా పండితులు జ్యూరిక్‌ నగరమున సమావేశమై రూపొందించిన ప్రోగ్రామింగ్‌ భాష, అల్గారిదమ్‌ పదమునుండి పుట్టిన ఆల్గాల్‌ అను పేర ప్రసిద్ధి కెక్కగా, ఖ్వారిజ్మ్‌ సీమ పేరు యంత్రగణనమునందును స్థిరపడెను. 1960లో పరిష్కృతమైన యా భాష పాస్కల్‌ మొదలగు తరువాతి భాషలకు మార్గదర్శక మయ్యెను.

ఇన్ని భాషల ఋణము స్వీకరించియు ఆంగ్లము చిన్నబోలేదు, శాస్త్రము కుంటుపడలేదు. పరిభాషకు ప్రాణము పుట్టుక గాదు, అర్థనిశ్చయము. కావున తెలుగున ప్రోగ్రామింగ్‌ పరిభాష కూర్చువారు, సొంతపదము సులభముగా దొరకినచోట దానిని నిలుపవలెను. దొరకనిచోట పరపదమును సంకోచింపక గ్రహించి, దాని యర్థమును స్పష్టముగా నిర్వచింపవలెను.