తాత రేడియో, చిన్నాయన బండి

మొన్న ఊర్లో పాత ఇల్లు ఖాళీ చేస్తా ఉంటే అటక మింద నుంచి ఒక అట్టపెట్టె దిగింది. లోపల నల్లరంగు రేడియో, దాని వైరు, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన రిమోటు. నాయన "ఇది పాత సామాన్లోడికి ఇచ్చేద్దాం" అన్నాడు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆ పొద్దు సరిగ్గా చెప్పలేకపోయినా, అందుకే ఇక్కడ రాస్తా ఉండాను. మన ఇంటి పిల్లలు కొందరికి ఈ సంగతి తెలీదు. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు తాత దగ్గర పలక మింద నేర్చుకున్నవి. తప్పులుంటే పెద్దవాళ్ళు దిద్దండి.

ముందు కొంచెం వెనక్కి పోవాలి. ముళబాగిలు వైపు మన ఊర్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, సంతలో రెండూ. తాతకి తెలుగు చదవడం వచ్చు గానీ చదవడానికి ఊర్లోకి వచ్చేది కన్నడ పేపరే. కాబట్టి ఆయనకి తెలుగు అంటే చెవులతో వచ్చేదే. మొదట వాల్వు రేడియో. దానికి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టేవాళ్ళు. ఆ చిన్న పుస్తకం ఇంకా ఇంట్లో ఉంది. మధ్యాహ్నం రేడియో సిలోను తెలుగు పాటలు, పొద్దున కడప స్టేషను. కడప ఆకాశవాణి 1963లో మొదలయింది, మన వైపు పగలు బాగానే అందేది. ఆకాశవాణి అనే పేరు మాత్రం మన మైసూరుది: 1935లో గోపాలస్వామి గారు తన ఇంట్లో పెట్టిన చిన్న స్టేషనుకి పెట్టిన పేరు, తరవాత దేశమంతటికీ అయింది. కన్నడ బడిలో ఇది మాకు చెప్పేవాళ్ళు. కడప స్టేషను వింటా తాత "ఈ పేరు మన రాజ్యందేరా" అని గొప్పగా అంటా ఉండేవాడు.

టీవీ వచ్చినాక రేడియో వెనకపడింది. 2006లో చిన్నాయన అమెరికా నుంచి వచ్చినప్పుడు బెంగళూరులో వరల్డ్‌స్పేస్ రేడియో కొని తెచ్చి తాత చేతిలో పెట్టినాడు. అట్టపెట్టెలో దొరికింది ఆ రేడియోనే.

వరల్డ్‌స్పేస్ కథ ఇప్పటి పిల్లలకి తెలిసే అవకాశం లేదు. దాన్ని 1990లో మొదలుపెట్టింది నోవా సమారా అనే ఆయన. పుట్టింది ఇథియోపియాలో, అడిస్ అబాబాలో. ఆఫ్రికాలో ఎయిడ్స్ గురించి జనానికి సమాచారం అందక చచ్చిపోతా ఉంటే, ఆకాశం నుంచి నేరుగా చిన్న రేడియోకి మాట పంపితే ఎట్ల ఉంటుంది అనుకున్నాడు. 1998 అక్టోబరులో ఆఫ్రిస్టార్ ఉపగ్రహం ఎగిరింది. మనకి పనికొచ్చింది రెండోది, ఏషియాస్టార్. 2000 మార్చిలో ఏరియన్ 5 రాకెట్టులో పోయింది. అదే రాకెట్టులో పక్కన కూర్చొని పోయింది మన ఇస్రో ఇన్‌శాట్-3బి. అంటే బెంగళూరులో తయారైన ఉపగ్రహం, తరవాత మన తాతకి పాటలు పాడిన ఉపగ్రహం, రెండూ ఒకే బండిలో ప్రయాణం చేసినాయి. ఇది తెలిసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

భారతదేశంలో ఆ కంపెనీ ఆఫీసు బెంగళూరులోనే ఉండేది. ఎ.ఆర్. రెహమాన్ ప్రచారం చేసినాడు. చందా కట్టాలి. తెలుగుకి స్పందన, కన్నడకి స్పర్శ, కర్ణాటక సంగీతానికి శ్రుతి. ప్రకటనల గోల లేకుండా రోజంతా పాటలు. తాత స్పందన పెట్టుకొని రేష్మ పురుగుల షెడ్డులో పని చేసేవాడు. (పట్టుపురుగులని మన కడ ఎవరూ అనరు కదా.) సాయంత్రం జేజికి శ్రుతి. స్పర్శ నాకు. అట్ల ఒక డబ్బా ముగ్గురికీ సరిపోయింది.

దాన్ని పలికించడం మాత్రం తేలిక కాలేదు. పలక మాదిరి చదునుగా ఉండే ఏంటెనా ఒకటి ఇస్తారు, దాన్ని ఉపగ్రహానికి ఎదురుగా తిప్పాలి. ఏషియాస్టార్ ఉండేది 105 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, అంటే మన ఊరికి తూర్పున, రవ్వంత దక్షిణానికి ఒరిగి, ఆకాశంలో సగానికి కొంచెం పైన. అంగడి నుంచి వచ్చిన పిల్లోడు ఏంటెనాని దక్షిణానికి పెట్టి "సిగ్నలు లేదు సార్" అని వెళ్ళిపోయినాడు. తాత రెండు దినాలు మిద్దె మింద కూర్చొని, అంగుళం అంగుళం తిప్పుతా, కింద జేజి "వచ్చింది", "పోయింది" అని అరుస్తా ఉంటే, చివరికి పట్టినాడు. పట్టిన చోట పిట్టగోడ మీద బొగ్గుతో బాణం గీసినాడు.

ఇంకొక అడ్డం పెద్దతాత కొబ్బరిచెట్టు. గాలికి మట్ట ఏంటెనా ముందుకు వస్తే పాట తెగిపోయేది. వాళ్ళిద్దరూ అప్పుడు మాట్లాడుకోవడం లేదు, చేను గట్టు విషయంగా. పాట కోసం తాత తానే వాళ్ళింటికి పోయి "అన్నా, రెండు మట్టలు కొట్టించుకుంటా" అని అడిగినాడు. పెద్దతాత మూడు కొట్టించినాడు. ఆ పైన సాయంత్రాలు ఆయన కూడా మా మిద్దె మింద కూర్చొనేవాడు. గట్టు తగాదా తీరలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు అమెరికా వైపు కథ. అక్కడ ఉపగ్రహ రేడియో ఇంట్లో కూర్చొనేవాళ్ళ కోసం కాదు, రోడ్డు మింద పోయేవాళ్ళ కోసం పుట్టింది. ఆ దేశంలో ఎఫ్ఎం స్టేషను వంద కిలోమీటర్లు పోయేసరికి గరగర అంటుంది. లారీ డ్రైవర్లు, ఇంటినే బండిగా వేసుకొని తిరిగే ముసలివాళ్ళు దినానికి నాలుగైదు స్టేషన్లు మార్చాల. 1997లో అక్కడి ప్రభుత్వం ఉపగ్రహ రేడియోకి రెండు లైసెన్సులు వేలం వేసింది. రెండూ కలిపి 17 కోట్ల డాలర్లకి పైన పలికినాయి. ఒకటి ఎక్స్ఎం అయింది, రెండోది సిరియస్. ఎక్స్ఎంలో తొలి రోజుల్లో వరల్డ్‌స్పేస్‌కి వాటా ఉండేది. అంటే తాత రేడియో, అమెరికా లారీల రేడియో దాయాదులే.

ఎక్స్ఎం రెండు ఉపగ్రహాలకి రాక్, రోల్ అని పేర్లు పెట్టి 2001లో పంపింది. ప్రసారం సెప్టెంబరు 12న మొదలుపెట్టాలని ఉండింది. ముందు రోజు న్యూయార్కులో జరిగింది అందరికీ తెలుసు. అదే నెల 25న మొదలయింది. సిరియస్ 2002లో వచ్చింది. అది తన మూడు ఉపగ్రహాలని కోడిగుడ్డు ఆకారం దారిలో తిప్పింది, ఎప్పుడూ రెండు అమెరికా నడినెత్తికి దగ్గరగా ఉండేట్లు. చెట్లు, కొండలు తక్కువ అడ్డం వస్తాయని. రెండు కంపెనీలూ ఒకదాన్నొకటి మించడానికి డబ్బు కుమ్మరించి, 2008లో కలిసిపోయినాయి.

వాటికీ మనదానికీ ఒక పెద్ద తేడా. ఊర్లలో మేడల నీడలో ఉపగ్రహం కనపడదు కాబట్టి అక్కడ నేల మీద వందల కొద్దీ రిపీటర్లు నిలబెట్టినారు. ఇక్కడ వరల్డ్‌స్పేస్‌కి అవి లేవు. ఏంటెనా కదలకూడదు, ఆకాశం కనపడాల. కార్లో పెట్టుకొని పోయేది కాదు. నా లెక్కలో అది ఇక్కడ బలపడకపోవడానికి ఇదొక పెద్ద కారణం. కార్లో పాడని రేడియోకి నెల నెలా డబ్బు కట్టేవాళ్ళు ఎంతమంది? తాత మాదిరి వాళ్ళు. చందాదారుల్లో ఎక్కువమంది మన దేశంవాళ్ళే అయినా, ఉపగ్రహాల అప్పు తీర్చడానికి అది ఏ మూలకి? కంపెనీ 2008 అక్టోబరులో అమెరికాలో దివాలా పిటిషను వేసింది. 2009 డిసెంబరు 31తో భారతదేశంలో ప్రసారం ఆగిపోయింది.

నేను అప్పుడు బెంగళూరులో మొదటి ఉద్యోగంలో ఉండాను. జనవరిలో తాత ఫోను చేసి "అబ్బోడా, స్పందన పలకలేదురా" అన్నాడు. నాకు సంగతి తెలుసు, ఆఫీసులో అందరూ మాట్లాడుకున్నారు. అయినా చెప్పడానికి నోరు రాలేదు. "మబ్బులు పట్టినాయి తాతా, రెండు దినాలు చూడు" అన్నాను. రెండు దినాల తరవాత మళ్ళీ అదే మాట చెప్పినాను. సంక్రాంతికి ఊరికి పోతే ఏంటెనా తుడిచి పెట్టి ఉంది, బాణానికి సరిగ్గా ఎదురుగా. తాత ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. ఆయన 2012లో పోయినాడు. ఆ మాట అట్లనే ఉండిపోయింది.

2018లో కంపెనీ పని మీద నేను డల్లాస్ పోయినప్పుడు చిన్నాయన అప్పుడే ఒక పాత మోటరుహోము కొన్నాడు. 32 అడుగుల బండి. లోపల పొయ్యి, మంచం, స్నానాలగది. రిటైరు అయినాక చిన్నమ్మని కూర్చోబెట్టుకొని దేశం తిరగాలని. "నువ్వు టెస్టరువి కదా, దీనికి శాటిలైటు రేడియో పెట్టి టెస్టు చెయ్" అన్నాడు. శని, ఆదివారాలు రెండూ దానికే పోయినాయి.

కారుకైతే అరగంట పని. ఏంటెనా అడుగున అయస్కాంతం ఉంటుంది, కప్పు మీద పెడితే అంటుకుంటుంది. ఈ బండి కప్పు ఫైబర్‌గ్లాసు. అయస్కాంతం జారి కింద పడింది. పైగా ఏంటెనాకి కింద లోహపు రేకు ఉంటేనే సరిగ్గా వింటుంది. ఒక ఇనుప రేకు కోసి, సీలంటుతో కప్పుకి అంటించి, దాని మీద ఏంటెనా పెట్టినాము. ఏసీ డబ్బా ఎత్తుగా ఉంది, దాని నీడ పడకుండా ముందుకు జరపాల్సి వచ్చింది. వైరు లోపలికి దించడానికి కప్పుకి తూటు పెట్టడం చిన్నాయనకి ఇష్టం లేదు, వాన కారుతుందని. చివరికి ఫ్రిజ్జు వెనక గాలి పోయే గొట్టం దారిలో దించి, అల్మరాల వెంట డ్రైవరు దాకా లాగినాము. కంపెనీ ఇచ్చిన వైరు చాలలేదు, పొడుగు వైరు కొనాల్సి వచ్చింది. ఏంటెనాని ఎటూ తిప్పే పని మాత్రం లేదు. ఉపగ్రహాలు దక్షిణానికి అటొకటి ఇటొకటి ఉంటాయి, పైన ఆకాశం తెరుచుకొని ఉంటే చాలు. నేను పొడుగు వంతెనల కింద పోనిచ్చి చూసినాను. పాట తెగలేదు. ఒకే పాటని రెండు దారుల్లో, కొన్ని సెకన్ల తేడాతో పంపుతారు. ఒకటి తప్పితే రెండోది అందుకుంటుంది. ఎవరు ఆలోచించినారో గానీ, టెస్టరుగా వాళ్ళకి దండం పెట్టినాను.

ఛానళ్ళ లిస్టు చిన్నమ్మ పైనుంచి కిందికి చూసింది. తెలుగు లేదు. "అయితే ఇంత పని ఎందుకు చేసినట్టు?" అంది. చిన్నాయన జాజ్ పెట్టుకున్నాడు. తెలుగు పాటలకి ఆమె ఫోనే దిక్కు.

ఆదివారం సాయంత్రం పెద్ద వాన. బండిలో కూర్చొని టీ తాగుతా ఉన్నాము. ఆకాశం నల్లగా ఉంది, రేడియో పలుకుతానే ఉంది. చిన్నాయన "మబ్బుకి ఇది ఆగదా?" అన్నాడు, ఊరికే. నేను టీవీ డిష్షు వేరు, ఈ తరంగాలు వేరు, వీటికి మబ్బు ఒక లెక్క కాదు, కొబ్బరి మట్ట లెక్క గానీ, అని చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినాను.

వరల్డ్‌స్పేస్ తరంగాలూ అట్లాంటివే, ఎల్ బ్యాండు. మూడేండ్లు వానాకాలం, తుపాను, ముసురు అన్నిట్లో తాత రేడియో పలికింది. రేష్మ షెడ్డులో దాన్ని దినమూ విన్న మనిషికి మబ్బు ఏం చేస్తుందో, మట్ట ఏం చేస్తుందో నాకంటే బాగా తెలుసు. నేను "మబ్బులు" అన్న మొదటి దినమే ఆయనకి అర్థమై ఉంటుంది. అయినా రెండోసారి ఫోను చేసి, మళ్ళీ నా చేత అదే చెప్పించుకున్నాడు. ఎందుకో నేను ఇప్పుడు అడగలేను. చిన్నాయనకి అంతా చెప్పినాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తరవాత రేడియో ఆపి, పెద్దతాత కొబ్బరిచెట్టు ఇంకా ఉందా అని అడిగినాడు.

చెట్టు ఉంది. ఇల్లు వచ్చే నెల కొన్నవాళ్ళ చేతికి పోతుంది. మొన్న మిద్దె ఎక్కి చూస్తే పిట్టగోడ మీద బొగ్గు బాణం వానకి వెలిసిపోయినా కనపడతా ఉంది. మన ఊరికి లెక్క వేస్తే ఏషియాస్టార్ ఉండాల్సిన దిక్కు ఉత్తరం నుంచి 114 డిగ్రీలు. ఫోను దిక్సూచి బాణం మీద పెడితే 117 చూపించింది. మూడు డిగ్రీల తేడా నా ఫోనుదే అనుకుంటా. ఫోటో తీసినాను, కింద పెడతా. రేడియో నా దగ్గర బెంగళూరులో ఉంది. ఏంటెనా మాత్రం పెట్టెలో లేదు. ఎవరింట్లోనైనా పలక మాదిరి నల్లటిది, వెనక కాలు ఉన్నది కనపడితే పారెయ్యకుండా నాకు చెప్పండి.