కుందేళ్లకు మత్తు
పెంపుడు కుందేళ్లకు గర్భసంచి లేదా వృషణాల తొలగింపు, పళ్ల చికిత్స వంటివాటికి పూర్తి మత్తు ఇస్తారు. కుక్క, పిల్లి కంటే వీటికి ప్రమాదం ఎక్కువ. బ్రిటన్‌లో 2002–2004 మధ్య జరిగి 2008లో వెలువడిన పెద్ద పరిశీలనలో మత్తు సంబంధ మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం, కుందేళ్లలో 1.39 శాతం. కుందేళ్లలో సగానికి పైగా మరణాలు ఆపరేషన్ ముగిశాకే సంభవించాయి.

కుందేలు వాంతి చేసుకోలేదు. కాబట్టి రాత్రంతా పస్తు పెట్టడం అనవసరం, పైగా పేగుకు చేటు. మత్తుకు కొద్దిసేపటి ముందు మేత తీసేసి, నోట్లో ఏమీ మిగలకుండా చూస్తే చాలు. నేరుగా మాస్కుతో ఐసోఫ్లూరేన్ అనే మత్తు వాయువు పెడితే ఊపిరి బిగబట్టి పెనుగులాడుతుంది. అందుకే ముందు మత్తు సూది వేస్తారు. కెటమిన్‌తో మెడెటోమిడిన్ కలపడం మామూలే, రెండోదానికి అటిపమెజోల్ విరుగుడు. చాలా కుందేళ్ల రక్తంలోని ఒక ఎంజైమ్, గుండె వేగం పడిపోకుండా ఇచ్చే అట్రోపిన్‌ను త్వరగా విరిచేస్తుంది కనుక దాని బదులు గ్లైకోపైరోలేట్ నయం.

అసలు కష్టం శ్వాసగొట్టం వేయడం. నోరు ఇరుకు, నాలుక మందం, స్వరపేటిక సులువుగా కనబడదు. మెడ నిటారుగా చాచి, గొట్టం చివర చెవి ఆనించి, శ్వాస శబ్దం వింటూ, గాలి పీల్చే క్షణంలో లోపలికి జార్చడం పాత పద్ధతి. పదేపదే పొడిస్తే గొంతు వాస్తుంది. స్వరపేటికపై కూర్చునే వి-జెల్ అనే సాధనం వచ్చాక చేయి తిరగనివారికి ఊరట దొరికింది.

ఒళ్లు చిన్నది కావడంతో త్వరగా చల్లబడుతుంది. వెచ్చని పరుపు తప్పనిసరి. నొప్పి మందులు ఆపకుండా, మెలకువ రాగానే గడ్డి పెట్టి, తినకపోతే సిరంజితో మెత్తని మేత పట్టిస్తారు. పెంటికలు పడేదాకా పేగు కదలిక మొదలైందని నమ్మరు.